శ్రావణి బూట్లు ఒక నంబరు పెద్దవి

2023 ఎండాకాలం. సిద్దిపేటలో మెదక్ రోడ్డు మీద మా సైకిల్ దుకాణం. మా నాయిన పంక్చర్లు వేసిన జాగాలోనే నేనిప్పుడు గేర్ సైకిళ్లు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. ఆడమనిషి చేతిలో పానా చూసి మొదట్లో గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగినవాళ్లే ఇప్పుడు "సైకిలక్కా" అని కేకేసుకుంటూ వస్తారు. కరోనా తర్వాత మా ఊరికి సైకిల్ పిచ్చి బాగా పట్టింది. పొద్దున్నే కోమటి చెరువు కట్ట మీద లెక్చరర్లు, బ్యాంకువాళ్లు, కానిస్టేబుళ్లు బిగుతు చొక్కాలు తొడుక్కుని పొట్టలు బిగబట్టి తొక్కుతుంటారు. వాళ్లంతా నన్ను అడిగేది ఒకటే. హెల్మెట్, బూట్లు, గ్లవ్స్ మంచివి ఎక్కడ కొనాలి? ఆ మాట విన్నప్పుడల్లా నాకు శ్రావణి గుర్తొస్తుంది.

ఆ రోజు నారాయణరావుపేట నుంచి యాదగిరి గౌడ్ అనే ఆయన ట్రాలీ ఆటోలో ఒక రేసు సైకిల్ వేసుకుని వచ్చాడు. తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. వెంట పదో తరగతి పరీక్షలు రాసిన కూతురు శ్రావణి.

"అక్కా, సీటు జర కిందికి దించు. పిల్లకు మోకాలు గుంజుతుందట" అన్నాడు.

సైకిల్ వాళ్లది కాదు. పిల్ల వేగం చూసి బడిలో పీఈటీ సారు ఇప్పించింది. జిల్లా పోటీల్లో శ్రావణి అందరికంటే ముందొచ్చింది. ఇంకో మూడు వారాల్లో హైదరాబాదులో రాష్ట్ర జట్టుకు ఎంపిక ఉంది. ఈలోగా ఈ మోకాలి నొప్పి పట్టుకుంది.

"నొప్పి తగ్గకపోతె ఈ తొక్కుడు బంద్ అక్కా. సారుకు గూడ చెప్పిన. రేపు పిల్ల కుంటుకుంట నడిస్తె ఏ సారొచ్చి చూస్తడు?" అన్నాడు యాదగిరి. శ్రావణి తల దించుకుని హ్యాండిల్ టేపు గోటితో గీకుతోంది.

సీటు ఎత్తు చూశాను, సరిగ్గానే ఉంది. "ఒక్కసారి తొక్కి చూపియ్యి బిడ్డా" అన్నాను. బూట్లేసుకుని, హెల్మెట్ పెట్టుకుని రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చింది. రేసు బూట్ల అడుగున క్లీట్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. అది టక్కున పెడల్‌లో ఇరుక్కుంటుంది, పాదం జారకుండా. శ్రావణి బూటు పెడల్‌లో గట్టిగానే ఇరుక్కుంది, కానీ పాదం బూటులో ఇరుక్కోలేదు. తొక్కినప్పుడల్లా మడమ లోపల అటూ ఇటూ ఊగుతోంది. దాంతో మోకాలు లోపలికి మెలిపడుతోంది.

"లోపల ఏమన్న పెట్టినవా?"

"పత్తి పెట్టిన ఆంటీ. సాక్సులు గూడ రెండు జతలు ఏసుకున్న."

హెల్మెట్ తీయించాను. లోపల దుబ్బాక టవల్ మడత. నవ్వు ఆగక పకపకా నవ్వేశాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. గబుక్కున నోరు మూసుకున్నాను.

"ఇవి ఎవరు కొన్నరు?"

"నేనే" అన్నాడు యాదగిరి, మీసం సవరించుకుంటూ. "ఫోన్ల చూసి తెప్పించిన. అన్నీ కంపెనీ మాలే. పెరిగే పిల్ల గదా అని ఒక్కో నంబరు పెద్దగ తీసుకున్న."

ఆయన్ను ఏమనగలం? మా వైపు పిల్లల బట్టలు కుట్టించేటప్పుడు టైలర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు, తనే రెండు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుడతాడు. ఏటేటా కొంచెం విప్పుకుంటూ పోతారు. చెప్పులైనా అంతే. నేనూ అట్లా టపటపలాడే చెప్పులతో బడికి పోయినదాన్నే. ఆ లెక్కలోనే ఆయన రేసు బూట్లు కూడా కొన్నాడు. లంగా కొంచెం వదులైతే పిన్నీసు పెట్టుకోవచ్చు, బూటు వదులైతే మోకాలు పోతుంది. ఆ సంగతి ఫోన్లో మెరిసే బొమ్మలు చెప్పవు కదా.

నేను ఉన్నదున్నట్టు చెప్పేసరికి ఆయనకు కోపం వచ్చింది. "ఏందక్కా, నీ మాలు అమ్ముకునెతందుకు నాది బాగలేదంటున్నవా?"

నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ బిడ్డ కాలికొచ్చే బూట్లు నా దుకాణంలనే లెవ్వు తమ్మీ! ఇగ నేనేం అమ్ముకుంట?" అన్నాను. దాంతో కొంచెం చల్లబడ్డాడు. హెల్మెట్ మాత్రం నా దగ్గర సరిపోయేది దొరికింది. గదవ కింద పట్టీ పెట్టకుండా తల గట్టిగా ఊపమన్నాను. కదల్లేదు. హెల్మెట్ ఎవరు కొన్నా ఇట్లా ఊపి చూసుకోవాలి. బూట్ల కోసం మాత్రం హైదరాబాదు పోవాల్సిందే. ఆదివారం నేను సామాన్లకు ఎట్లాగూ పోతున్నాను, నాతో రమ్మన్నాను.

గజ్వేల్ మీదుగా బస్సులో పోయాం. మొదట అద్దాల తలుపులున్న ఒక పెద్ద షాపు. అక్కడి సేల్స్ అబ్బాయి శ్రావణి కాళ్లకేసి చూడనే లేదు, "బడ్జెట్ ఎంత మేడమ్?" అని నన్ను అడిగాడు. వచ్చిన దారినే బయటికి నడిచాను. రెండోది సందులో ఉన్న పాత దుకాణం. నడిపే పెద్దమనిషి ఒకప్పుడు తనే రేసులు తొక్కినవాడు. ముందు పిల్లను చెప్పులు విప్పి కాగితం మీద నిలబడమన్నాడు. రెండు పాదాల చుట్టూ పెన్సిల్ గీశాడు. ఎడమ పాదం కొంచెం పొడుగు. దానికి సరిపోయే బూటే తెచ్చి తొడిగాడు. తన దుకాణంలోని ఒక సైకిల్ వెనక చక్రాన్ని ట్రైనర్‌కు, అంటే ఉన్నచోటే తొక్కడానికి బిగించే స్టాండుకు, తగిలించి తొక్కించాడు. నేల మీద కూర్చుని ఆమె మోకాళ్లను చూశాడు. క్లీట్ కొంచెం జరిపి, మళ్లీ తొక్కించి, మళ్లీ చూశాడు. మడమ కదల్లేదు. మోకాలు తిన్నగా పైకీ కిందికీ ఆడుతోంది. శ్రావణి ఆ రోజు మొదటిసారి నవ్వింది.

అప్పుడు యాదగిరి నెమ్మదిగా అన్నాడు, "మంచిగున్నయి సార్. ఇవ్వే ఒక నంబరు పెద్దయి ఇయ్యిన్రి."

నాకు తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. పెద్దమనిషి మాత్రం నిదానంగా, "పెద్దవి నేను అమ్మను బాబూ. మూడు వారాల్లో పోటీ ఉన్న పిల్లకు అసలే అమ్మను" అన్నాడు.

యాదగిరి ముఖం మాడిపోయింది. "ఆర్నెల్లకు కాలు పెరిగితె మల్ల కొనాల్నా? మాతోని కాదు. పదవే, పోదాం" అని కూతురి చెయ్యి పట్టుకుని లేచాడు. శ్రావణి ఒక బూటు విప్పి, రెండోది కాలికుండగానే నిలబడిపోయింది. ఆ గుమ్మం దాటితే ఆ పిల్ల మళ్లీ రేసు సైకిలెక్కదని నాకు అర్థమైంది.

ఆయన చేతుల వైపు చూశాను. మోకు రాపిడికి అరచేతులు కాయలు కాచి ఉన్నాయి. మోకు అంటే తాటిచెట్టెక్కేటప్పుడు మానుకూ నడుముకూ కలిపి చుట్టుకునే తాడు.

"తమ్మీ, నీ మోకుతోని మీ అన్న చెట్టెక్కుతడా?" అని అడిగాను.

"ఎట్లెక్కుతడు? నా నడుముకు నా కొలతతోని కట్టుకున్నది. ఆయనకు వదులైతది. నడిమిట్లకు పోంగనే జారి..." అని ఆగిపోయాడు.

ఆయన కూతురి పాదం వైపు చూశాడు. తర్వాత తనే కింద కూర్చుని రెండో బూటు తొడిగి, మడమ దగ్గర వేలు పెట్టి చూశాడు.

"వదులు లేదు గదా బిడ్డా?"

"లేదు బాపూ."

"గివ్వే కట్టియ్యిన్రి సార్" అన్నాడు.

"వారం తొక్కనివ్వండి. నొప్పి పోకపోతే తీసుకురండి, మళ్లీ సరిచేస్తాను" అన్నాడు పెద్దమనిషి. ఆ మాట కోసమే నేను మావాళ్లను అక్కడికి పంపుతుంటాను. శ్రావణి పాత బూట్లు సిద్దిపేటలో ఒక లెక్చరర్ కాలికి కొలిచినట్టు సరిపోయాయి, అట్లా ఆ నష్టమూ కొంత పూడింది.

ఎంపిక రోజు దుకాణం మూసి నేనూ పోయాను. ఉండబట్టలేదు మరి. శ్రావణి మొదట రాలేదు. చివరి మలుపు దగ్గర ఇద్దరు దాటిపోయారు. గీత దాటి సైకిల్ దిగగానే యాదగిరి ఉరికిపోయాడు. ఎన్నో నంబరు వచ్చిందని అడగలేదు.

"మోకాలు ఎట్లుంది బిడ్డా?" అన్నాడు.

"ఏం గాలె బాపూ. ఇంకో చుట్టు తొక్కుమన్నా తొక్కుత."

సాయంత్రం జట్టులో ఆమె పేరు కూడా చదివారు. ఆయన నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

ఎక్కడ కొనాలని ఎవరడిగినా ఇప్పుడు నేను ఇదే చెబుతాను. ధర చెప్పేముందు మీ పాదం చూసే చోట, తొక్కించి చూసే చోట, సరిపోకపోతే "వద్దు" అనగలిగే చోట కొనండి. అది నా దుకాణం కాకపోయినా ఫరవాలేదు. ఒక నంబరు పెద్దది అడిగే అమ్మానాన్నల మీద నాకిప్పుడు చిరాకు కూడా రాదు. అది పిసినారితనం కాదు. తమ పిల్ల ఇంకా ఎదుగుతుందన్న నమ్మకంతో, వచ్చే ఏటి పిల్లను కళ్లముందు పెట్టుకుని కొంటారు వాళ్లు. సైకిల్ ఎక్కేది మాత్రం ఇవాళ్టి పిల్ల. ఆ పిల్లను వాళ్లకు చూపించడం మా పని అని నాకు ఆ ఎండాకాలంలో తెలిసింది.