గిటారు నడుము

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. భివండిలో బట్ట నేసే సాంచాలు బాగా నడిచిన రోజుల్లో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. నేను జాబర్‌ని, అంటే సాంచా ఆగితే బాగుచేసేవాణ్ని. నలభై ఎనిమిది సాంచాల షెడ్డులో ఏదో ఒకటి ఆగుతూనే ఉండేది, నేను అటూ ఇటూ ఉరుకుతూనే ఉండేవాణ్ని. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో బట్టకు గిరాకీ లేక సేఠు షెడ్డు మూసేశాడు. అప్పుడు బయటపడింది నా రోగం. మాన్కోలి గోదాముల్లో లోడింగు పనికి పోయాను, మూడు నెలలకు మానేశాను. ఆటో నడిపాను, అదీ మానేశాను. నా భార్య ఇంట్లోనే మిషను మీద జాకెట్లు, లంగాలు కుట్టేది. "ఒక్క తాన కూసుంటే కింద నిప్పులున్నయా నీకు?" అనేది.

చివరికి కాశేలిలో ఒక కలప గోదాములో కుదిరాను. అక్కడ చెక్క పొరలు అమ్మేవాళ్లు. పోస్టుకార్డు కంటే కొంచెం మందంగా ఉండే పొరలు, తలుపులకూ బీరువాలకూ పైన అతికించేవి. ఠాణే నుంచి ఒక పెద్దాయన నెలకోసారి వచ్చి, కట్టలన్నీ విప్పించి, నాలుగైదు పొరలు మాత్రం ఏరుకుని పోయేవాడు. ఆయన గిటార్లు చేసే మేస్త్రి. గిటారు పక్కలకు ఒకే పలకను వేడి గొట్టం మీద వంచుతాడట, వంచుతుంటే సగం విరిగిపోతున్నాయట. ఆయన చేతుల్లో మునుపటి పట్టు లేదు. మూడు పొరలు జిగురుతో ఒకదాని మీద ఒకటి అతికించి, వంపులోనే ఆరనిస్తే ఇక విరగవు, ఆకారమూ మారదు అన్నాడు. ఆయన మాట పూర్తి కాకముందే "నేను చేసిస్తా" అన్నాను. ఎట్లా చేయాలో నాకు తెలియదు.

మరుసటి వారం ఆయన ఒక చెక్క దిమ్మ తెచ్చిచ్చాడు. గిటారును నిలువునా సగానికి కోసినట్టు ఉంది. పైన చిన్న ఉబ్బు, కింద పెద్ద ఉబ్బు, మధ్యలో లోపలికి పోయిన నడుము. మొదట ఇనుప బిగింపులతో ప్రయత్నించాను. బిగించిన చోట అంటుకుంది, పక్కన పొరలు లేచాయి. ఆ సంగతి చెబితే, పెద్ద కార్ఖానాల్లో ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి లాగేస్తారని, అప్పుడు బయటి గాలే అన్ని వైపులా సమంగా నొక్కుతుందని ఆయన చెప్పాడు. ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే పాత సామాన్ల బజారుకు పోయి, పాడైన ఫ్రిజ్ లోపలి మోటారు ఒకటి పట్టుకొచ్చాను. అది గాలిని లాగుతుంది. నూలు మూటలకు వచ్చే మందపాటి ప్లాస్టిక్‌ను ఇస్త్రీపెట్టెతో అతికించి సంచి చేశాను. లోపల గాలి కదలడానికి పొరల మీద సాంచా బట్ట పరిచాను. ఒక పైపుతో మోటారు తగిలించి నడిపితే సంచి చప్పుడు చేస్తూ ముడుచుకుపోయి, దిమ్మను చర్మంలా పట్టుకుంది. మా ఒక్క గది ఖోలీలో నేను గట్టిగా అరిచాను. మిషను ఆపి నా భార్య నావైపు చూసింది.

సాయంత్రం దాకా ఉంచాలని మేస్త్రి చెప్పాడు. నేను గంటకోసారి సంచి విప్పి చూశాను. విప్పినప్పుడల్లా పొరలు లేచేవి. మళ్లీ మూసేవాణ్ని. మూడు జతల పొరలు అట్లా పాడుచేశాను. ఉబ్బుల దగ్గర ఫరవాలేదు, నడుము దగ్గర మాత్రం ప్రతిసారీ వేలు పట్టేంత సందు. మోటారులో బలం చాలడం లేదనుకుని ఇంకో మోటారు కోసం తిరగడం మొదలుపెట్టాను.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నం పెట్టి, సంచి దగ్గర కూర్చుంది. చాలాసేపు చూసింది.

"మోటరుది తప్పు కాదయ్యా. నువ్వు సంచి బిగ్గ జేసినవ్. గీ ఉబ్బు మీదికెల్లి ఆ ఉబ్బు మీదికి ప్లాస్టిక్ గుంజుకపోతే నడుంల ఎట్ల దిగుతది?"

"మరేం జేయాలె?"

"కుచ్చు పెట్టాలె. అతికేటప్పుడు నడుం కాడ రెండు మడతలు ఇడిస్తే, గాలి గుంజినప్పుడు అవ్వే లోపలికి పోతయి. లంగా గట్లనే కద కుట్టేది."

నాకు సిగ్గేసింది. లేచి వాకిట్లోకి పోయి, గల్లీ చివరిదాకా నడిచి తిరిగొచ్చాను. అప్పటికే ఆమె కొత్త సంచికి ప్లాస్టిక్ కత్తిరిస్తోంది.

ఈసారి మేస్త్రి రెండు డబ్బాల జిగురు ఇచ్చాడు. రెండూ కలిపితే గట్టిపడేది. "ఎనిమిది గంటలు ముట్టుకోవద్దు" అని హిందీలో రెండుసార్లు చెప్పాడు. నా సంగతి ఆయనకూ తెలిసిపోయింది. ఒక శుక్రవారం పొద్దున, ఊళ్లో సాంచాలకు సెలవు రోజు, ఇద్దరం కలిసి పొరలకు జిగురు పూసి, దిమ్మ మీద పెట్టి, సంచిలోకి తోశాం. గాలి లాగుతుంటే నడుము దగ్గర కుచ్చు నెమ్మదిగా విచ్చుకుని గుంటలోకి దిగింది. ఆమె నన్ను నీళ్లు తెమ్మని నల్లా దగ్గరికి పంపింది. బిందెతో తిరిగొచ్చేసరికి తలుపుకు తాళం వేసి గడప ముందు నిలబడి ఉంది.

"మా అక్క ఇంటికి పోతున్న. తాళంచెయ్యి నా కాడ్నే ఉంటది. పొద్దుగూకినంక వస్త."

"నన్ను నమ్మవా?"

"నమ్మ" అని, బిందెను పక్కింటి వాకిట్లో పెట్టించి పోయింది.

ఆ రోజు నేను ఎంత తిరిగానో నాకే తెలియదు. బస్టాండుకు పోయాను, రెండు చాయ్‌లు తాగాను. కాశేలి దాకా నడిచాను, గోదాము మూసి ఉంది, వెనక్కి నడిచాను. మా గల్లీకి వచ్చి కిటికీ సందులోంచి చూడబోయాను, ఆమె దానికీ దుప్పటి కట్టింది. అప్పుడే పక్కింట్లో పంకా ఆగింది. కరెంటు పోయింది. లోపల మోటారు ఆగి ఉంటుంది, గాలి లోపలికి పోయి పొరలు లేస్తుంటాయి. చెప్పులు తెగేలా ఉరికి ఆమె అక్క ఇంటికి పోయాను. ఇద్దరూ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"కరెంటు పోయింది! లే, తాళంచెయ్యి ఇయ్యి!"

ఆమె లేవలేదు. "కరెంటును నమ్మి ఎవలన్న ఇల్లు ఇడిచిపోతరా? మోటరు నేను ఎల్లేటప్పుడే బందు జేసిన. పైపు రెండు మడతలు మడిచి నూలుతోని బిగ్గ గట్టిన. సంచి గట్టిగుంటే గాలి ఎటు పోతది?"

వాళ్లక్క నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. నాకు కూర్చోమని ఒక పీట, తుంచమని కొన్ని చిక్కుడుకాయలు ఇచ్చారు.

పొద్దుగూకాక తలుపు తీస్తే సంచి ఇంకా బిగుతుగానే ఉంది. కోసి చూస్తే, మూడు పొరలూ ఒకే చెక్క. నడుము దగ్గర గోరు కూడా దూరలేదు. దిమ్మ మీంచి తీసినా వంపు వంపులాగే నిలిచింది. ఆమె దాన్ని వేళ్లతో ఒకసారి తడిమి, చీపురు అందుకుంది, నేల మీది చెక్కపొడి ఊడవడానికి.

మేస్త్రి అది చూసి ఇంకో ఆరు జతలు కావాలన్నాడు. నేను రెండు చేశాను. మూడోదానికి జిగురు కలుపుతుంటే కాళ్లు బయటికి లాగడం మొదలైంది. ఒక ట్రాన్స్‌పోర్టులో లారీ వెంట పోయే పని ఉందని తెలిసి అందులో చేరిపోయాను. మిగతా నాలుగూ ఆమే చేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మేస్త్రి మా ఇంటికి వచ్చి ఆమెతోనే మాట్లాడేవాడు. నేనెవరో మరిచిపోయినట్టు నమస్కారం పెట్టేవాడు. అది నాకు కొంచెం గుచ్చుకునేది, కానీ అబద్ధం కాదు.

ఒకసారి నేను ఇంట్లో ఉన్నప్పుడే ఆయన పూర్తయిన గిటారు తెచ్చాడు, వాయించి వినిపిస్తానని. తీగెలు సరిచేసుకోవడానికి ఆయనకు చాలా సమయం పట్టింది. చాయ్ తెస్తానని లేచాను. దుకాణం దగ్గర పాత సాంచా దోస్తు కనిపించాడు, మాటల్లో పడి రెండు మలుపులు దాటిపోయాను. తిరిగొచ్చేసరికి చాయ్ చల్లారింది. మేస్త్రి గిటారును గుడ్డసంచిలో పెట్టేస్తున్నాడు.

"ఎటు పోయినవ్?" అంది ఆమె. కళ్లు మెరుస్తున్నాయి. "మస్తు వాయించిండు."

"ఇంకోసారి వాయించమను."

"ఆయనకు బస్సుకు టైమైంది" అని, ఆయనతో మాట్లాడుతూ గల్లీ మొగదాకా సాగనంపడానికి పోయింది.