ఒడ్డుదాకా వచ్చి వెళ్ళిపోయిన తుఫాను

మొన్న బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని వినగానే మా కోడలు ఫోన్లో పటం తెరిచి నా చేతికిచ్చింది. నీలం నీళ్ళ మీద ఎర్రటి సుడి ఒకటి మెల్లగా జరుగుతూ కళింగపట్నం దాకా వచ్చి, రెప్పపాటులో మళ్ళీ నడిసముద్రంలో ప్రత్యక్షమైంది. ఎంత చక్కగా తెలుస్తోందో చూడండని ఆ పిల్ల మురిసిపోతుంటే నేను మాత్రం ఫోను తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాను. ఒళ్ళో పెట్టుకునే కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పట్లో ఇలాంటి పటాన్నే చంకన పెట్టుకుని నేను సముద్రపు ఊళ్ళు తిరిగాను.

మాది శృంగవరపుకోట పక్క వరి పండించుకునే ఇల్లు. సముద్రమంటే ఏడాదికోసారి మునిగి వచ్చే నీళ్ళే తప్ప నాకు వేరే ఎరుక లేదు. అలాంటిదాన్ని, తుఫాను ఎటు కదులుతుందో చూపే కదిలే బొమ్మ వేటకెళ్ళేవాళ్ళకు అర్థమవుతోందో లేదో కనుక్కునే ఉద్యోగంలో చేరాను. బొమ్మ చూపించడం, అర్థమైందా అని అడగడం, కాగితం మీద టిక్కు పెట్టడం, అంతే పని. శ్రీకాకుళం వైపు ఒక ఊళ్ళో తెప్ప మీద వేటకెళ్ళే ఆయన ఇంట్లో దిగి, ఆయన్నీ ఆయన భార్యనీ వరస కలిపి మావ, అత్త అనేదాన్ని. ఊరంతా అరదమైనాదంటే అరదమైనాదని తలలూపారు, నా కాగితాలన్నీ టిక్కులతో నిండాయి, నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. ఎండన పడి వచ్చిన చదువుకున్న పిల్లకు కాలేదని చెప్పడం వాళ్ళకు మర్యాద కాదని నాకు తట్టనే లేదు.

అంతలో నిజంగానే తుఫాను పట్టింది. ఆఫీసు నుంచి వచ్చిన తాజా బొమ్మను సాయంత్రం పందిట్లో అందరికీ చూపించాను. మావ వెలిగించని బీడీ నోట్లో పెట్టుకుని మూడుసార్లు చూసి, బాగుందని లేచి వెళ్ళాడు. తెల్లవారి చూస్తే మనిషి లేడు, తెప్పా లేదు. అత్త గుమ్మంలో ఎండుచేపలు ఏరుకుంటూ ఉంది.

"ఏటకెల్నాడే గుంటా. నీ బొమ్మలో తుఫాను ఒడ్డుదాకా వచ్చి ఎలిపోనాది కదా. ఒకపాలి కాదు, మూడుపాల్లు ఎలిపోనాది" అంది నింపాదిగా.

బొమ్మ అయిపోగానే దానంతటదే మళ్ళీ మొదటి నుంచి తిరుగుతుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు, అందుకే చెప్పాలని ఎవరికీ తోచలేదు. రేడియో తుఫాను వస్తుందంది, బొమ్మ వెళ్ళిపోయిందంది. కళ్ళతో చూసినదాన్నే ఆయన నమ్మాడు. సంగతి చెప్పగానే అత్త చేటను అలాగే వదిలేసి ఒడ్డుకు పరుగెత్తింది. మధ్యాహ్నానికి గాలి లేచింది. వెనకే వెళ్ళిన నా పక్కన ఆమె తడుస్తూ నిలబడింది.

రెండోనాడు సాయంత్రం మావ ఉత్తరం వైపు నుంచి ఒడ్డు వెంబడి నడిచి వచ్చాడు. పెదవులు ఉప్పుకు పగిలిపోయాయి. తెప్పా, వలలూ సముద్రంలోనే పోయాయి. తప్పంతా నాదేనని నేను కాళ్ళ మీద పడి ఏడిస్తే నెమ్మదిగా లేపాడు.

"నీదేటుందే గుంటా. అరదమైనాదని సెప్పినోడ్ని నేనే కదా."

ఆఫీసుకు వెళ్ళి పెట్టిన టిక్కులన్నిటినీ గీత గీసి కొట్టేశాను. పై అధికారి విసుక్కున్నా చివరికి విన్నాడు. అప్పటినుంచి అర్థమైందా అని అడగడం మానేసి, ఏటి అగుపించినాదో సెప్పమని అడిగి, చెప్పినంతసేపూ వినేవాళ్ళం. సుడి ఒడ్డు తాకాక బొమ్మ అక్కడే ఆగిపోవాలని చెప్పినవాడు కూడా ఆ మావే.

ఇప్పుడు పటాలకు ఎన్ని రంగులో, ఎంత వేగమో, అడగకుండానే అందరి అరచేతుల్లోకీ వస్తున్నాయి. చూసినవాడు ఏమనుకున్నాడో ఎదురుగా కూర్చుని వినే మనిషే లేకుండా పోయాడు. ఎవరైనా పొరబడితే ఆ సంగతి పటం చేసినవాళ్ళ దాకా చేరే దారీ లేదు. మావ మళ్ళీ సొంత తెప్ప కట్టుకోలేకపోయాడు, పోయేదాకా పరాయివాళ్ళ పడవల మీదే వేటకెళ్ళాడు. నేను చూడ్డానికి వెళ్ళిన ప్రతిసారీ కూతురొచ్చినట్టు కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. ఆయన ఒక్కసారైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.