ఊరు మారలేదుగా

మొన్న ఎడ్మంటన్‌లో మందుల షాపు లోపలి పోస్టు కౌంటరు దగ్గర నిలబడితే ఆవకాయ నూనె వాసన వచ్చింది. వరసంతా తెలుగు విద్యార్థులే. పార్సిల్ తీసుకుని వెనక్కి తిరిగిన ఒకమ్మాయి చేతిలో పెట్టె అడుగున నూనె దిగింది.

నా చిన్నప్పుడు ఇక్కడికి రెండు గంటల దూరంలో, లార్చ్ క్రాసింగ్ అనే పల్లెలో నాన్న సైన్సు టీచరు. కిరాణా కొట్టులోనే పోస్టాఫీసు. పోస్టు వ్యాను వచ్చే వేళకు రైతులు బూట్ల మంచు దులుపుకుని పొయ్యి చుట్టూ చేరి గోధుమ ధరను తిట్టుకుంటుంటే, పిల్లలం కొట్టు వెనక మంచు దిబ్బ మీంచి అట్టముక్కలపై జారి, వేళ్లు కొంకర్లు పోయాక అదే పొయ్యి దగ్గరికి వచ్చేవాళ్లం. ఎండాకాలంలో గుంటూరులో అమ్మమ్మ కలిపిన ఆవకాయ, తెల్లగుడ్డలో కుట్టి ఓడలో పంపితే, తొలి మంచు పడ్డాక చేరేది. పోస్టాఫీసు చూసే డోరా ఆంటీ వాసన పట్టి అరిచేది: "మీ గ్రానీ వచ్చింది! మీ అమ్మని పిలు, ఉత్తరాలన్నీ ఘాటెక్కిపోతున్నాయి." ఆ పూట అమ్మ వేడన్నంలో కలిపి ముద్దలు పెట్టేది.

నేను ఏడో తరగతిలో ఉండగా పోస్టాఫీసు ఎత్తేశారు. ఊరంతా సంతకాలు చేసి పంపితే జవాబైనా రాలేదు. ఇళ్లవాళ్ల ఉత్తరాలు వెయ్యడానికి హైవే పక్కన ఇనప పెట్టెలు పాతి, మా అడ్రసులో పక్క టౌను పేరు పెట్టారు. అమ్మ ఫోన్‌లో చెబితే అమ్మమ్మ ఒప్పుకోలేదు.

"మీరు ఊరు మారలేదుగా. అడ్రసెందుకు మారుద్దే?"

పాత అడ్రసే రాసింది. మంచు పడింది, కరిగింది, ఆవకాయ రాలేదు. మరుసటి ఎండాకాలం అది అమ్మమ్మ గుమ్మానికే తిరిగి వెళ్లింది, అలాంటి ఊరు లేదన్న ముద్రతో. మళ్లీ ఆమె పంపలేదు. అమ్మ ఖాళీ జాడీని చాలా ఏళ్లు కడిగి పెట్టేది.

జనం లేక పోస్టాఫీసు పోయిందని అంటారు. నేను చూసింది వేరు. ఉత్తరాల కోసం జనం రావడం మానేశాక కొట్టు మూతపడింది, తర్వాత బడి, బడితోపాటు మేమూ ఊరొదిలాం.

"సారీ అంకుల్, స్మెల్ వస్తోందా? టేప్ సరిగ్గా వెయ్యమని మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా వినదు," అంది కౌంటరు దగ్గర నూనె పెట్టె పట్టుకున్న ఆ అమ్మాయి.

"విననీలేమ్మా. పంపుతోందిగా."

"ఇండియాలో మీదెక్కడంకుల్?"

"నేనిక్కడే పెరిగాను. లార్చ్ క్రాసింగ్."

ఫోన్‌లో వెతికింది. "మ్యాప్‌లో రావట్లేదంకుల్. దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏముంది?"

"పోస్టాఫీసు," అన్నాను.