నేను రాసిచ్చిన సాక్ష్యం

మా అక్క ఆళ్లగడ్డలో జాకెట్లు కుట్టేది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. నేను నంద్యాలలో ఒక ప్రైవేటు బళ్లో తెలుగు టీచరును. పెళ్లి పత్రిక దగ్గర నుంచి కరెంటాఫీసు అర్జీ దాకా మా ఇళ్లలో ఏం రాయాలన్నా నా దగ్గరికే వస్తారు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే.

ఎడమ రొమ్ములో చింతగింజంత గడ్డ తగులుతోందని అక్క ముందు నాకే చెప్పింది.

"నొప్పి ఉండాదా?" అని అడిగాను. లేదంది.

"నొప్పి లేకుంటే ఏం గాదులే అక్కా" అన్నాను.

పిల్లలు ఒత్తు తప్పు రాస్తేనే ఎర్రసిరాతో గీత పెట్టేదాన్ని, అంత తప్పుడు మాట ఎంత ధీమాగా చెప్పానో. నొప్పి లేనంత మాత్రాన గడ్డ మంచిదైపోదని నాకు తెలియదు. తెలియదని ఒప్పుకునే గుణం మా ఇంటా వంటా లేదు.

ఆ శుక్రవారం ఆళ్లగడ్డలో మా చర్చి ఉపవాస ప్రార్థనలో పాస్టరమ్మ అక్క తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. వారం తర్వాత గడ్డ తగ్గినట్టుందని అక్క ఫోన్ చేసింది. బహిష్టు అయిపోయాక రొమ్ములో బిగువు సడలి అలా అనిపించి ఉంటుందని చాలాకాలం తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. అప్పుడు మాత్రం నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మా సంఘంలో మేలు పొందినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే ఆ మేలు నిలవదని పెద్దవాళ్లు అంటారు.

"అందర్లో నాకు నోరు రాదు పాపా" అంది అక్క.

"నేను రాసిస్తా. నువ్వు చూసి చదువు, చాలు."

ఒక పేజీ రాశాను. అక్క చెప్పింది 'తగ్గినట్టుంది' అని. ఆ మాట చప్పగా ఉందని 'పూర్తిగా కరిగిపోయింది' అని మార్చింది నేనే. అక్క కూడబలుక్కుంటూ చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోన్లో వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే అది చాగలమర్రి దాకా పోయింది.

తర్వాత పది నెలలు అక్క ఆ ఊసెత్తలేదు. అడిగితే "బాగనే ఉండాన్లే" అనేది. నేనూ తరచి అడగలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. జారిన నోరు నాది, దాన్ని మోసింది ఆమె.

ఎండాకాలం సెలవుల్లో ఆళ్లగడ్డ పోయాను. అటక మీది గుడ్డల మూట అందుకోబోయి అక్క చెయ్యి ఎత్తలేక ఆగిపోయింది. బలవంతంగా జాకెట్టు విప్పించి చూశాను. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడింది. చనుమొన లోపలికి పోయింది. చంకలో కూడా గడ్డలు తగిలాయి.

"గడ్డ పోలేదు పాపా. పెరుగుతానే వచ్చె."

"నాకెందుకు చెప్పలే?"

"ఆ కాగితం రాసింది నువ్వు గదా. నీకు బాధయితాదని."

నాకు ఏడుపు రాలేదు. నామీద నాకు అసహ్యం వేసింది.

మర్నాడే నంద్యాలలో డాక్టరమ్మకు చూపించాను. ఎప్పటి నుంచి ఉందని ఆమె అడిగితే అక్క "రెండు నెల్ల నుంచి" అంది. అక్కడ కూడా ఆ సాక్ష్యాన్ని కాపాడుతోంది. "పది నెలలు దాటింది మేడమ్" అన్నాను. అక్క నావైపు చూడలేదు. డాక్టరమ్మ తిట్టలేదు. మామోగ్రామ్, స్కానింగ్ రాసి, సూదితో గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపింది.

రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చాక కుర్చీ దగ్గరికి జరుపుకొని అన్నీ విడమరిచి చెప్పింది. అక్క వాళ్ల వీధిలో ఒకామె ఇదే జబ్బుకు మాత్రలు మింగుతూ బాగానే తిరుగుతోంది. ఆ మాత్రలే తనకూ ఇమ్మని అక్క అడిగింది.

"జబ్బు పేరు ఒకటే అయినా అందరిదీ ఒకే రకం కాదమ్మా. ఆమెది హార్మోన్లతో పెరిగే రకం అయ్యుంటుంది. మీ ముక్కలో ఆ గుణం లేదని వచ్చింది. ఆ మాత్రలు మీకు పనిచేయవు. ముందు కీమో ఇద్దాం, గడ్డ తగ్గాక ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్" అంది డాక్టరమ్మ. అక్క ఏం పని చేస్తుందో అడిగి తెలుసుకుంది. కుట్టుపని చేతుల నరాలు పాడవకుండా కీమో ఎక్కించడానికి కుడివైపు ఛాతీలో చిన్న గొట్టం పెట్టించింది. వైద్యంలో లోపం ఏమీ లేదు. మేమే ఆలస్యంగా పోయాం.

అక్క నా ఇంట్లోనే ఉండిపోయింది. జుట్టు పోయింది, నోరు పూసింది, రొమ్ము తీసేశారు. ఏడాది తిరక్కుండానే లివర్లోకి పాకిందని స్కానింగులో తేలింది. సంఘంలో మాత్రం నాకు తోడుగా నంద్యాలలో ఉందనే చెప్పుకున్నాం.

అప్పుడే చాగలమర్రి నుంచి ఒకామె అడ్రసు కనుక్కుంటూ వచ్చింది. నలభై కూడా ఉండవు.

"నాకూ గడ్డ ఉండాదక్కా. నీ వీడియో చూసినప్పటి నుంచి ఆస్పత్రికి పోకుండా ప్రార్థనే చేస్తాండా. నువ్వూ ఒకసారి చెయ్యి పెట్టు."

అక్క ఆమెను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపేసింది. ఏం చూపించిందో నాకు తెలుసు. బయటికొచ్చాక ఆమె ఏ ఆస్పత్రికి పోవాలని నన్ను అడిగింది. మరుసటి రోజు నేనే ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

"ఆదివారం నన్ను ఆళ్లగడ్డకు తీసకపో" అంది అక్క.

అక్క పోయి ఇప్పటికి ఐదు నెలలు. ఆ ఆదివారం మాత్రం నన్ను వదలడం లేదు. ఆ రోజు ఆరాధనలో అక్క కొంగు నెత్తిన కప్పుకొని, ముందు బెంచీ పట్టుకొని లేచింది. ఈసారి చేతిలో కాగితం లేదు.

"ఆ పొద్దు నేను చెప్పింది నిజం గాదు. గడ్డ పోలేదు. పోయిందని చెప్పుకుంటి గాబట్టి సిగ్గుతో దాపెట్టుకుంటి. దేవుని తప్పేం లేదు. మీకెవరికన్నా గడ్డ తగిల్తే ప్రార్థన చేసుకోండి, ఆ పొద్దే ఆస్పత్రికి గూడా పోండి. నా మాట నమ్మి ఆగినోళ్లుంటే నన్ను క్షమించండి."

ఎవరూ ఆమెన్ అనలేదు. సంఘపెద్ద ఒకాయన మెల్లగా అడిగాడు.

"మరి కరిగిపోయిందని ఆ కాగితంలో ఎవురు రాసిరమ్మా?"

"నేనే రాసుకుంటినప్పా" అంది అక్క.

ఐదో తరగతి చదువుకు ఆ వాక్యాలు రావని అక్కడ చాలామందికి తెలుసు. తెలుగు టీచరు పక్కనే కూర్చుని ఉందనీ తెలుసు. నేను లేచి నిలబడలేదు.