మెడ గొట్టం మీద ప్రార్థన నూనె

బందరులో ఒక ఆసుపత్రి ల్యాబులో చాలా ఏళ్లుగా రక్తం కల్చర్లు చూస్తున్నాను. జ్వరంతో ఉన్న రోగి రక్తాన్ని సీసాలోకి ఎక్కించి వెచ్చగా ఉంచుతాం. క్రిములుంటే పెరుగుతాయి. వాటిని పళ్లెం మీద పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేసేదైతే బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయం కనిపిస్తుంది.

నేను చేరిన కొత్తలో సీసాల్లో పెరిగేది ఎక్కువగా టైఫాయిడే. ఊళ్లో నీళ్లు తాగి తెచ్చుకున్న జ్వరం. వలయాలు వెడల్పుగా ఉండేవి. తర్వాత ఐసీయూలు వచ్చాయి, డయాలసిస్ మంచాలు వచ్చాయి. బతికించడానికి పెట్టిన గొట్టాల వెంటే క్రిములు రక్తంలోకి దిగడం మొదలైంది. ఏడాదికేడాది వలయాలు సన్నబడ్డాయి. ఒక్క బిళ్ల చుట్టూ కూడా ఖాళీ లేని పళ్లెం చేతికొచ్చినప్పుడు, ఆ రోగి కోసం ప్రభువుకు ఒక మాట చెప్పుకుని, ఆ తర్వాత డాక్టరుగారికి ఫోన్ చేస్తాను.

మా చర్చి సంఘంలో ఒక అక్క ఉంది. గిలకలదిండిలో చేపలు ఎండబెట్టి అమ్మేది. కిడ్నీలు పాడై డయాలసిస్‌లో పడింది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతికి చేసిన ఆపరేషన్ ఇంకా మానలేదని, అందాకా మెడ దగ్గర రక్తనాళంలోకి గొట్టం పెట్టారు. చలిజ్వరం ఒకసారి వచ్చి తగ్గింది. రెండోసారి వచ్చినప్పుడు సీసాలో మొదటిసారి పెరిగిన క్రిమే మళ్లీ పెరిగింది. ఈసారి వలయం ఉన్నవి రెండు బిళ్లలే.

"చర్మం మీద ఉండే క్రిమే ఇది. గొట్టాన్ని ఎవరో ముట్టుకుంటున్నారు. మూడోసారి వస్తే మనిషి దక్కడం కష్టం" అన్నారు డాక్టరుగారు. పాత గొట్టం తీసేసి మెడకు రెండోవైపు కొత్తది పెట్టారు.

ముట్టుకుంటున్నది ఎవరో నాకు ఆదివారం తెలిసింది. ఆరాధన అయ్యాక మా పెద్దలు ఆసుపత్రికి వచ్చి, వాక్యంలో చెప్పినట్టే రోగులకు నూనె రాసి ప్రార్థిస్తారు. మామూలుగా నుదుటి మీద రాస్తారు. ఆ రోజు నేనూ వెళ్లాను. అక్క తన మెడ మీది కట్టు అంచును తనే పైకెత్తింది.

"పోయినసారి లాగే నొప్పున్నచోట రాయండి మావయ్యా."

సంఘపెద్ద వేలికి నూనె అద్దుకున్నాడు. వెనక సంఘంవాళ్లందరూ ఆమె మీద చెయ్యి ఉంచి ప్రార్థించడానికి వరసలో ఉన్నారు.

"ఆగండి మావయ్యా. అక్కడొద్దండి" అన్నాను.

"ఏమ్మా, ప్రార్థించిన నూనెలో క్రిములుంటాయా?"

"నూనె సంగతి కాదండి. మన చేతుల సంగతి. ఆ గొట్టం చివర గుండె దగ్గర ఉంటది."

అక్క మొహం మాడ్చుకుంది. "రోజూ పురుగుల్ని చూసీ చూసీ నీకు విశ్వాసం తగ్గిందే చెల్లీ."

"నుదుటి మీద రాస్తే ఆయనకి నీ మెడ కనపడదా అక్కా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. వేలి మీది నూనెను రుమాలుకు తుడుచుకున్నాడు. ఆయనకు నచ్చజెప్పడానికి నా దగ్గర వాక్యం సిద్ధంగా లేదు. ఆయన దగ్గరే ఉంది.

"పాత నిబంధన రోజుల్లో దేవుని గుడారంలోకి వెళ్లేముందు యాజకులు చేతులు కడుక్కునేవాళ్లు. మనం బస్సు దిగి నేరుగా వచ్చేశాం" అని వరండాలో కుళాయి దగ్గరికి నడిచాడు. సంఘమంతా ఆయన వెనకే వెళ్లింది. "సబ్బు మొత్తం నువ్వే అరగదీసేట్టున్నావే, కాస్త ఇటివ్వు" అని ఒక పిన్నిగారు ఇంకొకామెను విసుక్కున్నారు. నర్సు వచ్చి అక్క కట్టు మార్చింది. ఆ తర్వాత పెద్దాయన నుదుటి మీద నూనె రాసి, ఎప్పటిలాగే కళ్లు తుడుచుకుంటూ ప్రార్థన చేశాడు.

ఇంజెక్షన్లు పూర్తయ్యాక అక్క రక్తం మళ్లీ ల్యాబుకు వచ్చింది. చూడాల్సిన అన్ని రోజులూ సీసా తేటగానే ఉంది. డాక్టరుగారికి చెప్పి, డయాలసిస్ గదికి వెళ్లాను.

"ఏమొచ్చింది?" అంది అక్క, మంచం పట్టెను గట్టిగా పట్టుకుని.

"ఏమీ పెరగలేదక్కా."

"అంతేనా?"

"అంతే."

పట్టె మీది చెయ్యి వదులు చేసి, అటు తిరిగి పడుకుంది.