తోడల్లుడికి నేనిచ్చిన సమను

నా పరువు నేనే తప్పెట కొట్టించి మరీ తీసుకున్న కథ చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

గనుల జోరులో బళ్ళారి ఊగిపోతున్న రోజుల్లో నేను అక్కడి కోర్టులో అమీనాను. అమీనా అంటే ఎవరనుకున్నారు? జడ్జిగారు కూర్చుని రాసినదాన్ని వీధులు తిరిగి జరిపించేవాడు. సమను ఇవ్వాలన్నా, సామాను జప్తు చేయాలన్నా నేనే. నన్ను చూస్తే ఊళ్లో తలుపులు వాటంతటవే మూసుకునేవి. అంతటివాడికి ఇంట్లో పూచికపుల్ల విలువ లేదు. కారణం మా మరదలి మొగుడు డేవిడప్ప. నిన్నటిదాకా పంక్చర్లు వేసుకున్నవాడు దోణిమలై గనుల దారిలో మూడు టిప్పర్లు తిప్పుతున్నాడు.

"మా మరిదిని చూడు, కౌల్ బజార్లో మూడంతస్తులు లేపినాడు. నువ్వూ ఉండావు, సైకిలుకు బెల్లు గూడా లేదు" అని మా సుగుణ రోజూ అన్నంతో పాటు వడ్డించేది. కుళ్లుకున్నాను. దాచడమెందుకు, కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

ఒకరోజు నేను పంచాల్సిన కాగితాల కట్టలో డేవిడప్ప పేరుతో సమను కనబడింది! ప్రభువా, నా మొర ఆలకించావా! పేరు చూశానంతే, కింద రాసింది ఎవడు చదువుతాడు? పిన్ను కొట్టిన కవరేదో దావా నకలనుకున్నాను. మర్నాడే వాడి కొత్తింటి ప్రార్థన, చుట్టాలంతా వస్తారు. సమనుకు దండోరా అక్కర్లేదు. అయినా తప్పెట తిప్పన్నను సొంత ఖర్చుతో పిలుచుకుపోయాను.

"ఎవురన్నా సచ్చినారా అప్పా?" అన్నాడు తిప్పన్న.

"ఇంగ కొంచేపటికి సస్తాడులే. కొట్టు నువ్వు!"

పాస్టరయ్యగారు ఆమెన్ అనగానే తప్పెట మోగింది. వీధంతా పోగైంది. ముందే వచ్చి కూర్చున్న సుగుణ ముఖం పాలిపోయింది.

"డేవిడప్పా! కోర్టువారు నిన్ను పిలుస్తాండారు!" అని అరిచాను.

"నేనేం చేస్తినన్నా?" వాడు రెండు చేతులూ జోడించాడు. ఆహా, ఆ దండం! మూడంతస్తుల ఇల్లూ నాదే అయినంత హాయి.

చదువు రానివాడు, కాగితం పాస్టరయ్యగారి చేతిలో పెట్టాడు. ఆయన అద్దాలు తుడుచుకుని నింపాదిగా చదివారు.

"భయపడొద్దప్పా. ఎవరో అన్నదమ్ముల పొలంగట్టు తగాదాలో నువ్వు సాక్షివంతే. వచ్చిపోయేదానికి భత్యం గూడా అమీనా చేతికిచ్చి పంపినారు."

భత్యం! సాక్షికి సమనుతో పాటే భత్యం అందించాలని మా రూలు. కవరులో ఉన్నది అదే. వీధి వీధంతా చూస్తుండగా, ఈ రెండు చేతులతో వాడికి డబ్బిచ్చి, "ఈడ వేలిముద్ర వెయ్యప్పా" అని బతిమాలుకున్నాను.

"కొత్తింట్లో తొలి సంపాదన! మా అన్న చేతులమీదుగా వచ్చింది!" అని వాడు కవరు కళ్లకద్దుకున్నాడు. తిప్పన్నకు హుషారొచ్చి పెళ్లి దరువు ఎత్తుకున్నాడు.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. అబద్ధం. బళ్ళారిలో గోతులు తీసినవాళ్లంతా కోటీశ్వరులయ్యారు, పడింది నేనొక్కడినే.

తిరుగుదారిలో సుగుణ నా చెయ్యి పట్టుకుంది. "ఉత్తచేతుల్తో పోతాండామని సిగ్గుపడ్తా ఉంటి. ఇంత చదివింపు తెస్తాండావని ముందే చెప్పకూడదా?"

ఆ నడిరోడ్డు మీదే ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ సమనూ ఆఖరి అక్షరందాకా చదవనిదే సంతోషించను గాక సంతోషించను!