రాజ్యం మిషను పక్కన ఒక్క పీట

చోడవరంలో ఆ సందు మలుపు తిరగ్గానే ముందు రాజ్యం కుట్టుమిషను చప్పుడు వినిపిస్తుంది. రేకు మీద చిరుజల్లు పడుతున్నట్టు ఎడతెగని టకటక. దగ్గరికెళ్ళి చూస్తే సూదిలో దారం ఉండదు, సూది కింద గుడ్డ ఉండదు. రాజ్యం కాళ్ళు మాత్రం ఆడుతుంటాయి. పక్కన పీట మీద ఎవరో ఒక్క పిల్ల పుస్తకం మీదికి వంగి, ఒక్కో అక్షరాన్నీ లోతు బావిలోంచి చేదుతూ ఉంటుంది.

ఆ చప్పుడు ఆ పిల్ల కోసమే. తడబాటు వీధిలోకి వినబడకూడదు. నాలుగో తరగతిలో పాఠం చదవలేక నిలబడిపోతే క్లాసంతా నవ్విన నవ్వు, ఏభై రెండేళ్ళొచ్చినా రాజ్యం చెవిని వదల్లేదు. ఆ రోజే బడి మానేసింది. పెళ్ళయ్యాక కుట్టుపని నేర్చుకుంటూ, కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. అందుకే చదవడం నేర్చుకోవడానికి ఆమె దగ్గరికి పిల్లలు ఒక్కొక్కరే వస్తారు.

పోయినేడు గోవాడ నుంచి రోజా వచ్చింది. ఏడో తరగతి. రెండు నెలల్లో చదవడం రాకపోతే తమ్ముడు బాలుతో పాటు ఆరులో కూర్చోబెడతామన్నారు బడిలో.

"తమ్ముడి పక్కన కూకోను. సెరుకు కొట్టడానికైనా పోతాను."

"కత్తి పట్టడం నీకొచ్చేటే? ముందు పుస్తకం తిన్నగా పట్టుకో," అంది రాజ్యం.

నెల తిరిగేసరికి రోజా గడగడా చదివేస్తోంది. రాజ్యం పొంగిపోయింది. ఒకరోజు గాలికి పేజీ తిరిగిపోయింది. రోజా మాత్రం ఆగలేదు, పాత పేజీలోదే చదువుకుంటూ పోయింది. బాలు చేత చదివించుకుని పాఠాలన్నీ బట్టీ పట్టేసిందన్నమాట!

రాజ్యం కోప్పడలేదు. పుస్తకం మూసి, కుట్టడానికొచ్చిన జాకెట్టు గుడ్డలకి, ఎలా కుట్టాలో రాసి గుచ్చిన చీటీలు ముందు పెట్టింది. రోజుకో చేతిరాత. బట్టీకి అందవు.

"సదువు. నువ్వెలా సదివితే అలాగే కుడతాను."

అన్నట్టే కుట్టింది, చీటీ వైపు చూడకుండా. "వెనక హుక్కులు వద్దు" అన్నదాంట్లో మొదటి రెండు మాటలే చదివి రోజా ఆగిపోయింది. కామాక్షమ్మ జాకెట్టుకి హుక్కులు వెనక్కి వెళ్ళాయి.

"ఏటే రాజ్యం, ఈ వయసులో నన్ను హీరోయిన్ని సేస్తావేటి?" కామాక్షమ్మ సందంతా వినబడేలా అరిచింది.

"పొరపాటు నాదే వదినా. రేపటికి విప్పి కుట్టేస్తాను."

రోజా పీట మీంచి లేచింది. "అత్తది కాదు. నేనే తప్పు సదివేను."

చీటీ అందుకుంది. సందులో నలుగురు ఆగి చూస్తున్నారు. వేలు కదిపింది. "వె... నక... హుక్కులు..." వేలు ఆఖరి మాట మీదికి జరిపి, "వద్దు."

"ఆ ముక్క మొన్నే సదవలేకపోయావా గుంటా!" అని కామాక్షమ్మ పకపకా నవ్వింది. సందంతా నవ్వింది. రాజ్యం కాళ్ళు వాటంతటవే మిషను తొక్కాయి. రోజా మాత్రం పారిపోలేదు. తనూ నవ్వేసి, ఇంకో చీటీ తీసింది.

పై వారం బడిలో ఎన్నడూ చూడని పాఠం ఇచ్చారు. నత్తలా చదివింది, కానీ ఆఖరి మాట దాకా చదివింది. ఏడులోనే ఉంచారు.

ఈమధ్య రాజ్యం గురించి పేపర్లో రాయడానికి వచ్చినాయన, ఆ చదువు చెప్పే తీరు కళ్ళారా చూడాలని అక్కడే కుర్చీ లాక్కున్నాడు. అప్పుడే గుమ్మం దగ్గర ఓ చిన్నపిల్ల పుస్తకం గుండెకి అదుముకుని తటపటాయిస్తోంది. రాజ్యం ఆయన వైపు తిరిగింది.

"మీరింక లెగండి బాబూ. మీరున్నంతసేపూ ఆ గుంట నోరిప్పదు."